బడి తెరిచేలోగా

దివిసీమ నుంచి ఒక అమ్మాయి ఉత్తరం రాసింది. పేరూ, ఊరూ వెయ్యవద్దంది కనుక వెయ్యటం లేదు. టీచరు ఉద్యోగంలో చేరి ఇంకా ఏడాది నిండలేదట. వచ్చే జూన్‌లో ఒకటో తరగతి తనకే అప్పగిస్తామన్నారు. బడి తెరిచేలోగా ఇల్లిల్లూ తిరిగి, కొత్తగా చేరబోయే పద్ధెనిమిది మంది పిల్లల ఇళ్ళకీ వెళ్ళి రమ్మన్నారు.

"అక్కయ్యగారూ, తల్లిదండ్రులతో ఏం మాట్లాడాలో కాగితం మీద రాసి యిచ్చారు. ఆధార్ కార్డు చూడాలి, పుట్టిన తేదీ అడగాలి, పథకాల సంగతి చెప్పాలి, సంతకం చేయించుకోవాలి. పిల్లలతో ఏం మాట్లాడాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. ఇది కూడా ఒకరిని అడగవలసిన విషయమేనా అని మీరు నవ్వుకోరు గదా?" అంటూ ముగించింది.

నవ్వుకోవటం మాట అలా వుంచి, ఆ ఉత్తరం రెండుసార్లు చదువుకున్నాను. బందరులోనూ, దివిలోనూ కలిపి ముప్ఫై యేళ్ళు చిన్న తరగతులకి పాఠాలు చెప్పినదాన్ని. ఈ ప్రశ్న వెయ్యాలని తోచినవాళ్ళు నాకు తటస్థపడింది చాలా తక్కువ. అంచేత ఈవారం మిగతా ఉత్తరాలు పక్కన పెట్టి, ఈ అమ్మాయికే జవాబు రాస్తున్నాను. పిల్లల్ని ఈ యేడు బడిలో వెయ్యబోయే తల్లులకి కూడా ఇందులో పనికివచ్చే ముక్కలు కొన్ని వుంటాయి.

ఈ సంగతి మన పెద్దవాళ్ళకి తెలియనిది కాదు. వెనక వీధిబడి రోజుల్లో పంతులుగారు పిల్లాణ్ణి మొదటిసారి కలుసుకునేది తరచు బడిలో కాదు, వాడి ఇంట్లోనే. పళ్ళెంలో బియ్యం పోసి, పిల్లాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని, వాడి వేలు తన చేత్తో పట్టుకుని దిద్దించేవారు. చుట్టూ అమ్మా, నాన్నా, మామ్మా, తాతయ్యా వుండేవారు. తోటి పిల్లలకి పలకలూ, బలపాలూ, పప్పుబెల్లాలూ పంచిపెట్టేవారు. మర్నాడు బడికి వెళ్ళే పిల్లాడికి పంతులుగారి చెయ్యి ఎలా వుంటుందో అప్పటికే తెలుసు. ఆ తరవాత ఆ చేతిలోనే బెత్తం కనబడేదనుకోండి, అది వేరే సంగతి. పైగా ఆ ముచ్చట అందరి ఇళ్ళలోనూ జరిగేదీ కాదు. ఎన్నో కులాల పిల్లలకి బడి గుమ్మమే తెలియని రోజులవి. కాని, ముందు పరిచయం, తరవాత పాఠం అనే వరస మాత్రం మంచిది. ఇప్పుడు అక్షరాభ్యాసం గుళ్ళో చేయిస్తున్నాం. రేపు పాఠం చెప్పబోయే మనిషి అక్కడ వుండదు.

ఇప్పటి ఇంటింటి తిరుగుడికి పేర్లు చాలానే వచ్చాయి. బడిబాట అన్నారు, బడి పిలుస్తోంది అన్నారు. 2009లో చేసిన విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. ఆరేళ్ళ నుంచి పద్నాలుగేళ్ళ వరకూ వున్న పిల్లలందరికీ చదువు చెప్పించే బాధ్యత ప్రభుత్వానిదయింది. అంచేత టీచర్లు వీధివీధీ తిరగటం మంచిదే. కాని తిరుగుతున్నది దేనికోసమంటే, లెక్క కోసం. పిల్లలు తగ్గితే టీచరు పోస్టు తగ్గుతుందనే భయం ఒకటి వెనకనుంచి తరుముతూ వుంటుంది.

గుడివాడ వైపు పల్లెల్లో వేసవి చివర ఒక ఇంటి గుమ్మంలో కాసేపు కూర్చుని చూడండి. పొద్దున్నే ప్రైవేటు బడి వాళ్ళు రంగురంగుల కాగితం పట్టుకుని వస్తారు. "మా బస్సు మీ గుమ్మం ముందే ఆగుతుందండీ" అంటారు. సాయంత్రం సర్కారు బడి టీచర్లు వస్తారు. "మా దగ్గర పుస్తకాలూ, అన్నం, యూనిఫారం అన్నీ ఊరికేనండీ" అంటారు. తండ్రి యిద్దరికీ సరేనంటాడు. ఇంత భాగోతంలోనూ, అమ్మ కొంగు పట్టుకుని తలుపు వెనకాల నిలబడిన ఆ ఐదేళ్ళ మనిషిని ఒక్కరూ పలకరించరు. సంతలో కోడెదూడ బేరంలా వుంటుంది. ఆ మాటకొస్తే, కోడెదూడనయినా నోరు తెరిచి పళ్ళు చూస్తారు!

అమ్మాయీ, నేను చెప్పదలచింది ఇంతే. ఆ ఇంటికి వెళ్ళేది రేపు తరగతిలో నిలబడే టీచరే అయివుండాలి. వెళ్ళినప్పుడు ఆవిడ ముందు కలుసుకోవలసింది ఆ పిల్లని. కాగితాలూ, సంతకాలూ ఆ తరవాత.

పేరు దగ్గర మొదలుపెట్టు. ఇంట్లో ఏమని పిలుస్తారో అడిగి, జాబితాలో అసలు పేరు పక్కన పెన్సిలుతో రాసుకో. ఇది చిన్న సంగతి అనుకోకు. నేను పనిచేసిన ఒక బడిలో, పక్క గదిలో, ఒక పిల్లాడికి వరసగా మూడు రోజులు ఆబ్సెంటు పడింది. వాడి పేరు ముందు ఇంట్లోవాళ్ళు వీర, వెంకట, సత్య, నాగ అని ముక్కోటి దేవతలనీ చేర్చారు. నాలుగో రోజున తల్లి వచ్చి, "మావాడు రోజూ వస్తూనే వున్నాడు కదండీ!" అని లబలబలాడింది. చూస్తే కిటికీ పక్కన కూర్చునే వున్నాడు. వాడికి తన పేరు 'పండు' అని మాత్రమే తెలుసు. టీచరు పిలిచే అంత పొడుగు పేరు మరెవరిదో అనుకుని, ఆ అబ్బాయి ఎందుకు పలకడా అని వాడూ నాలుగు వేపులా చూస్తూ వుండేవాడట.

ఎప్పుడు వెళ్ళాలన్నది ఊరిని బట్టి, వాళ్ళ పనిని బట్టి వుంటుంది. రోహిణి కార్తెలో మిట్టమధ్యాహ్నం తలుపు తడితే ఎవరు మాత్రం సంతోషిస్తారు? బందరులో చిలకలపూడి వైపయితే రోల్డుగోల్డు నగల పని ఎన్నో ఇళ్ళలోనే సాగుతుంది. తల్లి చేతులు ఆగవు, ఆగాలని నువ్వు చూడకూడదు. పక్కన చతికిలబడి మాట్లాడు. ఆ పిల్ల రంగురాళ్ళు ఏ రంగుకారంగు ఏరి కుప్పలు పెడుతూ వుంటుంది. ఒకటో తరగతి లెక్కలు అక్కడే మొదలయ్యాయని గ్రహించు. గుడివాడ చుట్టుపక్కల చేపల చెరువులకి కాపలా వుండే కుటుంబాలున్నాయి. వాళ్ళు వీధిలో వుండరు, చెరువు గట్టు మీద పాకలో వుంటారు. గట్టెక్కి వెళితేగాని అక్కడొక పిల్ల వున్నదని తెలియదు.

నీకు దివిలో ఒక సదుపాయం వుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులపాటు, మన తూర్పు తీరాన మరబోట్లు సముద్రం మీదికి వెళ్ళకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలమని ప్రభుత్వం నిషేధం పెట్టింది. అంచేత నాగాయలంక, కోడూరు వైపు తీరపు పల్లెల్లో జూన్ మొదటివారంలో తండ్రులు వలలు బాగుచేసుకుంటూ ఇంటిపట్టున వుంటారు. బడి తెరిచేది సాధారణంగా జూన్ 12న. మరి రెండు రోజుల్లో బోట్లు కదులుతాయి. ఆ తరవాత ఆ తండ్రిని తీరిగ్గా కూర్చోబెట్టి మాట్లాడటం నీ తరం కాదు. ఆ వారం వదులుకోకు.

సరే, వెళ్ళావు, కూర్చున్నావు. పిల్ల తల్లి వెనక దాక్కుంది. అప్పుడేం చెయ్యాలి? ఏమీ చెయ్యకు. తల్లితో మాట్లాడుతూ వుండు. పిల్లలు పిట్టల్లాంటివాళ్ళు, పట్టుకోబోతే ఎగిరిపోతారు, ఊరుకుంటే దగ్గరకొస్తారు. కాసేపటికి తొంగిచూస్తుంది. అప్పుడు ప్రశ్నలు వెయ్యక, ఏదయినా చూపించమను. కోడిపిల్లలుంటే ఎన్నున్నాయో చూపించమను. వల వుంటే, బెండ్లెందుకు కట్టారో, సీసం గుండ్లెందుకో నీకు తెలియనట్టు అడుగు. (నిజంగానే తెలియకపోతే మరీ మంచిది.) తనకి తెలిసినదీ, టీచరుకి తెలియనిదీ ఒకటున్నదని పిల్లకి తోచిందా, సగం పని అయినట్టే.

"ఏదీ, ఏబీసీడీలు చెప్పు, ఒకట్లు చెప్పు" అని మాత్రం పరీక్ష పెట్టకు. నువ్వు పెట్టకపోయినా తల్లి పెడుతుంది. "చెప్పవే, టీచరుగారు అడుగుతున్నారు" అని వీపు మీద చిన్న దెబ్బ కూడా వేస్తుంది. ఇంటికెవరొచ్చినా పిల్లల్ని నిలబెట్టి పద్యం చెప్పించటం మనకున్న పాత జబ్బు. నవ్వుతూ అడ్డుపడు. "అవన్నీ నేను నేర్పుతాలెండి, లేకపోతే నాకు జీతమెందుకిస్తారు?" అను.

జపాను రచయిత్రి తెత్సుకో కురోయనాగి తన చిన్ననాటి బడి గురించి 1981లో ఒక పుస్తకం వెలువరించింది. తెలుగులో 'రైలుబడి' అన్న పేరుతో మీలో చాలామంది చదివేవుంటారు. ఒక బడివాళ్ళు మాకు వద్దని పంపించేసిన పిల్లని తల్లి ఇంకొక బడికి తీసుకువెళుతుంది. అక్కడి హెడ్మాస్టరు కొబయాషిగారు తల్లిని ఇంటికి పంపించి, పిల్లకెదురుగా కుర్చీ వేసుకుని, నీకు చెప్పాలనిపించినదల్లా చెప్పమంటాడు. ఆ పిల్ల నాలుగు గంటలు చెబుతుంది. ఆయన విసుక్కోకుండా వింటాడు. అంతసేపు తన మాట విన్న పెద్దమనిషిని ఆవిడ జీవితాంతం మరిచిపోలేదు. బడి సంవత్సరం మొదట్లో టీచర్లు పిల్లల ఇళ్ళకి వెళ్ళివచ్చే అలవాటు కూడా ఆ దేశంలో వుంది. పద్ధెనిమిది మందికి నాలుగేసి గంటలంటే డెబ్భై రెండు గంటలు. మన టీచర్లకి అంత తీరిక ఎవరిస్తారు? పది నిమిషాలు చాలు. కాని ఆ పది నిమిషాలూ పిల్లవే కావాలి.

"ఎందుకండీ ఈ హైరానా? రెండు రోజులు ఏడుస్తారు, మూడో రోజుకి వాళ్ళే అలవాటు పడతారు" అని నాతో పనిచేసినవాళ్ళు అంటూ వుండేవారు. చాలామంది విషయంలో అది నిజమే. ఏడ్చేవాళ్ళ గురించి నాకూ బెంగలేదు. ఏడవకుండా, మాట్లాడకుండా, పలక ఒళ్ళో పెట్టుకుని మూల కూర్చునే పిల్లలుంటారు చూశారూ, వాళ్ళ గురించే. అటువంటి పిల్ల ఒకరోజు రావటం మానేస్తే, వచ్చినప్పుడెంత చప్పుడు చేసిందో మానినప్పుడూ అంతే. ఎవరికీ తెలియదు.

ఇంటికి వెళితేగాని తెలియని సంగతులు కూడా వుంటాయి. కోడూరు వైపు ఒక ఊళ్ళో, చాలా యేళ్ళ కిందటి మాట, ఒకటో తరగతిలో ఒక పిల్ల పేరు వుండేది, పిల్ల మాత్రం నాలుగు రోజులొస్తే నాలుగు రోజులు రాదు. మబ్బు పట్టిన రోజు అసలే రాదు. హాజరుపట్టీ పక్కన 'ఇంట్లోవారి అశ్రద్ధ' అని రాసిపెట్టి వుంది. మరుసటి వేసవిలో ఆ బడికి కొత్తగా వచ్చిన నా స్నేహితురాలు, బడి తెరవక ముందే వాళ్ళింటికి వెళ్ళింది. పిల్లని పెంచుతున్నది మామ్మ. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెనలో దివిసీమలో వేలమంది పోయారు కదా, ఆవిడ తనవాళ్ళని అందులోనే పోగొట్టుకుంది. అప్పటినుంచీ ఆకాశం నల్లబడితే చాలు, ఆవిడ ఇంట్లో పిల్లల్ని కళ్ళముందు నుంచి కదలనివ్వదు. మనం దాన్ని అశ్రద్ధ అన్నాం!

నా స్నేహితురాలు వాదించలేదు. చట్టం సంగతీ ఎత్తలేదు. మామ్మని వెంటబెట్టుకుని బడికి తీసుకువెళ్ళింది. ఆ బడి నడిచేది తుఫాను షెల్టరులో. మెల్లిగా మెట్లెక్కించి పైఅంతస్తు చూపించింది. "మబ్బు పడితే పిల్లని ఇంట్లో వుంచటమెందుకు మామ్మగారూ, మీరే ఇక్కడికి వచ్చెయ్యండి" అంది. ఆ యేడంతా మబ్బు పట్టిన ప్రతిరోజూ మామ్మ వచ్చి బడి వరండాలో కూర్చునేది. పిల్లలందరూ ఆవిడకి అలవాటయిపోయారు. మనవరాలు మాత్రం బడి మానలేదు.

అడగకూడనివి కూడా కొన్నున్నాయి. తండ్రి తాగుతాడా, అప్పులున్నాయా, అన్నయ్య చదువెందుకు మానేశాడు - ఇవి మొదటిరోజు ప్రశ్నలు కావు. కులం మాట గుమ్మంలో నిలబడి నలుగురిలో అడగకు. కాగితంలో ఆ గడి వుంటే తరవాత ధ్రువపత్రం చూసి నింపుకోవచ్చు. ఇంకొకటి: ఇచ్చిన మంచినీళ్ళు తాగు. టీచరు ఏ ఇంట్లో నీళ్ళు తాగిందో, ఏ ఇంట్లో దాహంలేదని గ్లాసు పక్కన పెట్టిందో పల్లెలో అందరూ చూస్తారు. పిల్లలు అందరికంటే ముందు చూస్తారు.

ఇహ అసలు చిక్కు ఒకటుంది. టీచర్ల బదిలీలు తరచు వేసవిలోనే వస్తాయి. 2025లోనూ మే, జూన్ నెలల్లోనే జరిగాయి. "మీ అమ్మాయిని నేను చూసుకుంటానండీ" అని మాట ఇచ్చివచ్చిన టీచరు, బడి తెరిచేనాటికి ఇంకో మండలంలో వుంటుంది. పిల్ల తలుపు దగ్గర నిలబడి ఆ మొహం కోసం వెతుక్కుంటుంది. ఇందులో టీచరు తప్పు లేదు గాని, పిల్లకి ఆ సంగతి ఎలా తెలుస్తుంది? పై అధికారులు ఈ పని ఏప్రిల్ లోపలే ముగిస్తే ఎంత బాగుండునో! అది మన చేతిలో లేదు. అంచేత నువ్వొక్కర్తివీ వెళ్ళకు. మధ్యాహ్నభోజనం వండే ఆవిడని వెంట తీసుకువెళ్ళు. ఆవిడది సాధారణంగా ఆ ఊరే. ఆవిడకి బదిలీ లేదు. ఏ ఇంటి పిల్ల ఏది తినదో ఆవిడకి తెలుసు. నువ్వున్నా, లేకపోయినా, మొదటిరోజు పిల్లకి తెలిసిన మొహం ఒకటి బడిలో వుంటుంది.

అట్లాగే అంగన్‌వాడీకి ఒక పూట వెళ్ళు. 1975లో ఆ పథకం మొదలయింది. ఐదేళ్ళు వచ్చేవరకూ ఆ పిల్లల్ని చూసింది అక్కడి టీచరే. ఎవరికి చెవి సరిగ్గా వినపడదో, ఎవరు ఎడమచేత్తో బలపం పడతారో, ఎవరెవరిని విడదీసి కూర్చోబెడితే ఇద్దరూ ఏడుస్తారో ఆవిడ నోటనే తెలుస్తుంది. అటువంటి సంగతులకి నీ కాగితంలో గడి వుండదు.

బడి తెరవటానికి ఒకటి రెండు రోజుల ముందు, చల్లపూట, పిల్లల్ని ఒకసారి రమ్మను. పాఠం లేదు, పెద్ద తరగతుల పిల్లలు లేరు. ఖాళీ బడి పిల్లలకి సరదాగా వుంటుంది. గంట ఒక్కొక్కరి చేతా కొట్టించు. కుళాయి చూపించు. బాత్రూము తప్పకుండా చూపించు, గొళ్ళెం ఎలా తియ్యాలో కూడా. ఒంటికి వెళ్ళాలని ఎలా అడగాలో తెలియక తడుపుకున్న పిల్లకి ఆ సిగ్గు ఏడాదంతా వదలదు. ఏ ఇంట్లో ఏ మాట వాడతారో తల్లినడిగి వుంచుకో.

ఫోను ఇప్పుడు చాలా ఇళ్ళలో వుంది. నోటీసులతోబాటు, నీ గొంతుతో ఒక చిన్న కథ చెప్పి వాట్సాప్‌లో పంపించు. ఇల్లు దూరమై నువ్వు వెళ్ళలేని పిల్లలకి అదే నయం. ఊళ్ళో బడి ముగించి ఆరో తరగతికి హైస్కూలుకి వెళ్ళే పిల్లల సంగతి వేరు. వాళ్ళ భయం టీచరు కాదు, పెద్దపిల్లలు. అదే ఊరినుంచి హైస్కూలుకి వెళుతున్న ఎనిమిదో తరగతి పిల్లనొకర్ని వాళ్ళకి జత చేస్తే సరిపోతుంది.

బందరు గురువుల ఊరని మాకు కాస్త గర్వం. నోబుల్ దొర 1843లో ఇక్కడ బడి పెట్టాడు. విశ్వనాథ సత్యనారాయణగారికి ఇక్కడే చెళ్ళపిళ్ళవారు గురువయ్యారని చెప్పుకుంటాం. కాని అంతటి విశ్వనాథవారి వేలు పట్టుకుని మొదట అచ్చులు దిద్దించిందెవరో అడిగితే చప్పున చెప్పేవాళ్ళు వుండరు. ఒకటో తరగతి ఇచ్చారని నీతో పనిచేసేవాళ్ళెవరయినా జాలిపడితే, పడనివ్వు.

చివరికి తల్లులకి రెండు ముక్కలు. "అన్నం తినకపోతే టీచరుకి చెబుతా, టీచరొచ్చి కొడుతుంది" అని బెదిరించకండి. మీరు బూచిని చేసిపెట్టిన మనిషి దగ్గరికి రేపు మీ పిల్లే వెళ్ళాలి. టీచరు ఇంటికొచ్చినప్పుడు పిల్లని "లోపలికెళ్ళి మంచి గౌను వేసుకునిరా" అని తరమకండి. మట్టిచేతులతో వున్నా ఫరవాలేదు, అక్కడే వుండనివ్వండి. మంచం మీద దుప్పటి సర్దటానికీ, పక్కింటికి పాలకోసం పరుగెత్తటానికీ ఆ పది నిమిషాలూ పోగొట్టుకోకండి. టీ వద్దు, మంచినీళ్ళు చాలని ఆవిడే అంటుంది.